ఇంకొక్క రాడ్డు

నేను ఇంతకుముందెప్పుడూ ఏమీ రాయలేదు. అయిదో క్లాసుతో బడి మానేశాను. నలుగురిలో నోరు విప్పాలన్నా నాకు సిగ్గే. కానీ మా ఆయన తన సంగతి ఎవరికీ చెప్పుకోడు, అందుకని నేనే రాస్తున్నాను.

మా ఆయన భాస్కర్ బోర్లు వేస్తాడు. ముందు అనంతపురంలో వేశాడు, ఇప్పుడు కాలిఫోర్నియాలో బాదం తోటలకి వేస్తున్నాడు. తెల్లారకముందే లేచి, బోరు వేసే రిగ్గుకి టెంకాయ కొట్టి, పెరుగన్నం డబ్బా పట్టుకొని పోతాడు.

ఇక్కడ ఒకప్పుడు పడవలు తిరిగేంత పెద్ద చెరువుండేదట. దాన్ని ఎండగట్టి గోధుమ వేశారు. తర్వాత పత్తి, ఇప్పుడు బాదం. ఏళ్ళు గడిచేకొద్దీ నీళ్ళు కిందికి పోతుంటే బోర్లు వాటి వెంటపడ్డాయి. నీళ్ళు తోడేసిన నేల కుంగుతుంది కదా. నేలతో పాటు మా ఆయనా కుంగాడు.

మొదట చీలమండల దాకా. మోకాళ్ళ దాకా వచ్చేసరికి ఏట్లో నడిచినట్టు మట్టిలో నడిచేవాడు. సిమెంటు మీద మామూలే. ఈ కాలిఫోర్నియాలోనే డబ్లిన్ అనే ఊళ్ళో ఉండే మా స్నేహితుడు మోహన్ వాళ్ళింటికి భోజనానికి పోతే, వాళ్ళావిడ రేణు గుమ్మంలోంచే అరిచేది.

"భాస్కరన్నా, లాన్ మీద నడవకు! మొన్ననే స్ప్రింక్లర్ పైపులు మార్పించాం."

"పైపులు తెగితే నన్ను పిలువమ్మా, ఎట్లాగూ కిందే ఉంటాను," అనేవాడు ఆయన. అందరూ నవ్వేవాళ్ళు. ఆ ప్యాంట్లు ఉతికేది నేను, నాకు నవ్వు వచ్చేది కాదు.

ఈ జనవరిలో మోహన్ వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ స్నేహితులతో కలిసి మా పక్కన బాదం తోట కొన్నాడు.

"అన్నా, బోర్ డ్రై అయిపోయింది. ట్రీస్ అన్నీ పోతాయి. ఇంకొంచెం డీప్‌గా వేద్దాం."

అప్పటికే మా ఆయన మట్టిలో అడుగుపెడితే తొడల దాకా దిగిపోతున్నాడు. "పోవద్దు," అన్నాను.

"ఇదే చివరిదిలే," అన్నాడు.

మా వైపు బోర్లవాళ్ళందరిదీ ఒకటే జబ్బు. నీళ్ళు పడకపోతే ఆపరు. ఇంకొక్క రాడ్డు దించితే పడతాయేమో అంటారు. ఆ రోజు సాయానికి నేనూ పోయాను. రాడ్డు దిగుతుంటే ఆయనా దిగుతున్నాడు. మట్టి నడుము దాటింది. రొమ్ము దాకా వచ్చింది. పైకి వచ్చేదంతా పొడి దుమ్మే. ఇక లీవరు ఆయన చేతికి అందలేదు.

"నువ్వు లాగవే. ఇంకొక్క రాడ్డు," అన్నాడు.

నేను ఇంజను ఆపేశాను.

"వదినా, ఏం చేస్తున్నారు?" అన్నాడు మోహన్.

"ఇంకొక్కటి దిగితే ఆయన జుట్టు కూడా మిగలదు మోహనూ," అన్నాను. అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు నేను.

తాడు కట్టి మోహన్ ట్రక్కుతో లాగించాం, కదల్లేదు. చుట్టూ తవ్వాం. తవ్వినకొద్దీ కిందికే జారుతుంటే భయపడి, తవ్విన మట్టంతా మళ్ళీ కూరాం. కుంగిన నేల తిరిగి లేవదు, ఆ సంగతి ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. మోహన్ చతికిలబడి ముఖం కప్పుకున్నాడు.

కొండల్లో వానలకి పక్క కాలవ నిండుగా పోతోంది. చలికాలం ఆ నీళ్ళు తోటల్లో నిలబెడితే కిందికి ఇంకుతాయని నీళ్ళ ఆఫీసువాళ్ళు ఎప్పటినుంచో చెప్తున్నారు. బోరుండగా అదెందుకని ఎవరూ వినలేదు.

"రేపు కాలవ గేటు తెరిపించు మోహనూ," అన్నాడు మా ఆయన. "ఇన్నేళ్ళూ తోడాను. ఒక్కసారన్నా లోపలికి పోనీ."

"మునిగిపోతావన్నా!"

"మా ఇంటిది చూసుకుంటుందిలే."

ఆయన ఇక ఆ తోటలోనే. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం పైకి అనుకోలేదు.

మర్నాడు పొద్దున్నే కాఫీ కలుపుకొని పోయాను. నేల మీద బోర్లా పడుకొని, ఆయన ముఖానికి ఎదురుగా ముఖం పెట్టి, ఒక్క గ్లాసులోనే ఇద్దరం తాగాం. తర్వాత లేచి పార అందుకొని, కాలవ నీళ్ళు ఆయన మీదికి రాకుండా చుట్టూ గట్టు వేయడం మొదలుపెట్టాను. నేను బయటినుంచి మట్టి వేస్తుంటే, ఆయన లోపలినుంచి అరచేతులతో మెత్తుతూ వచ్చాడు.