రెండో పాప

టీకాల కేంద్రంలో పాత రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించిన వారం అది. కొత్త సాఫ్ట్‌వేర్‌కు శుభ్రం పిచ్చి. ఒకే తల్లి, ఒకే పుట్టిన తేదీ, ఒకే పేరు కనబడితే పొరపాటున రెండుసార్లు రాశారనుకుని, రెండింటినీ కలిపి ఒకటి చేసేస్తుంది. ఆ కేంద్రంలోనేమో పేరు పెట్టని ఆడపిల్లలందరినీ ‘పాప’ అనే రాస్తారు. కవలలనేవాళ్లు ఉంటారన్న సంగతి ఆ సాఫ్ట్‌వేర్ రాసిన మహానుభావులకు తట్టలేదు.

ఆ ఉదయం ఒక తల్లి తొమ్మిది నెలలు దాటిన కూతుళ్లిద్దర్నీ ఒళ్లో వేసుకుని నర్సు ఎదుట కూర్చుంది. పెద్దదానికి పోయినసారే తట్టు టీకా వేశారు. చిన్నదానికి ఆ రోజు జ్వరంగా ఉందని వెనక్కి పంపారు. ఇప్పుడు వాళ్ల వీధిలోనే ఇద్దరు పిల్లలకు తట్టు పోసింది. తల్లికి కంటిమీద కునుకు లేదు.

నర్సు స్క్రీన్ చూసి, ‘‘వేసేశాం కదమ్మా!’’ అంది.

‘‘అది అక్కకండీ. ఇది చెల్లెలు.’’

‘‘ఇందులో నీకు ఒక్కతే కూతురని ఉంది.’’

తల్లి ఇద్దర్నీ మార్చి మార్చి చూసుకుంది. చిన్నది అప్పటికే బల్ల మీది దూదిని పీకుతోంది.

సాఫ్ట్‌వేర్ నేర్పడానికి వచ్చిన ఇంజినీరు వెనక నుంచి తొంగి చూశాడు. ‘‘రెండో అమ్మాయిని కొత్తగా ఎక్కించొచ్చు మేడమ్. కాకపోతే అసలు పేరు కావాలి. పాప అంటే ఇక తీసుకోదు, నిన్ననే మార్చారు.’’

‘‘ఏం పేరమ్మా?’’ అంది నర్సు. ‘‘బాగా ఆలోచించుకుని చెప్పు. తర్వాత మార్చాలంటే ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి.’’

ఇంట్లో నడుస్తున్న గొడవే అది. నానమ్మ తన తల్లి పేరంటుంది, అమ్మమ్మ తన తల్లి పేరంటుంది. ఇద్దరికీ పెద్దపిల్లే కావాలి. పిల్లలిద్దరికీ చెరో పేరు పెడదామని వాళ్ల తండ్రి నోరు జారితే, ఇద్దరూ కలిసి అతని మీద విరుచుకుపడ్డారు. వాళ్లు ఏకమైంది ఆ ఒక్కసారే. రెండోదాన్ని ఏమని పిలవాలా అని ఎవరూ బుర్ర బద్దలుకొట్టుకోలేదు. వినడానికి నవ్వొస్తుంది గానీ, ఆ పసిదాని తరఫున ఆలోచిస్తే ఒళ్లు మండుతుంది.

‘‘పోనీ, ఇంటికి ఫోన్ చేసి కనుక్కో’’ అంది నర్సు.

తల్లి ఫోన్ తీసింది. కాసేపు దానివంక చూసి మళ్లీ సంచిలో పడేసింది. తర్వాత ఒక పేరు చెప్పింది. చాన్నాళ్లుగా పిలుస్తున్న పేరులా, తడుముకోకుండా చెప్పింది.

నర్సు కూడబలుక్కుంటూ టైపు చేసింది. స్క్రీన్ మీద చిన్నదానికి చోటు దొరికింది. సూది దిగింది. గది అదిరిపోయేలా ఏడ్చింది పిల్ల. అక్కగారు తనకేమీ పట్టనట్టు కూర్చుంది.

‘‘పేరు బాగుందమ్మా’’ అంది నర్సు, దూది అద్దుతూ. ‘‘ఎవరిది? మీ అమ్మగారి వైపుదా, అత్తగారి వైపుదా?’’

తల్లి ఏడుస్తున్న పిల్లను భుజాన వేసుకుంది.

‘‘ఎవరిదీ కాదండీ. దీనిదే.’’