అక్క వేళ్లు, చెల్లెలి వేళ్లు

నేను ఒక లేసు సూదిని. సన్నని ఉక్కు ఒళ్లు, కొసన చిన్న కొక్కెం, పట్టుకోవడానికి చెక్క పిడి. నరసాపురం బజారులో నన్ను కొన్న సలోమి చేతిలోనే నా వయసంతా గడిచింది. ఆమె అల్లిన పువ్వును తిరగేసి చూసినా ముడి ఎక్కడుందో తెలిసేది కాదు. ఆమెకొచ్చిన పేరులో సగం నాదేనని మురిసిపోయేదాన్ని.

రూతు ఆమెతో పుట్టిన కవల. ముఖాలు ఒకే అచ్చు, పని మాత్రం వేరు. రూతు అల్లిక వదులు. పైగా నోట్లో చుట్ట లేనిదే ఆమె చెయ్యి ఆడదు. ఆమె లేసుకు పొగ వాసన వస్తుందని సలోమి నవ్వేది.

యాభైకి దగ్గరవుతుండగా సలోమి వేళ్లు తెల్లవారేసరికి బిగుసుకుపోవడం మొదలైంది. పొద్దెక్కితే గాని గుప్పిట మూసుకునేది కాదు. కణుపులు ఉబ్బాయి. నేను జారి పడిపోయేదాన్ని. ఊళ్లో వాతమన్నారు, నూనెలు రాశారు. చివరికి భీమవరంలో డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంది. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే దారి తప్పి సొంత కణాల మీదే పగబడతాయట. ఇది వచ్చే వీలు కొందరికి పుట్టుకతోనే, జన్యువుల్లోనే ఉంటుందట. వాళ్లమ్మ వేళ్లు వంకరపోవడం సలోమికి అప్పుడు గుర్తొచ్చింది.

"మరి మా చెల్లికి రాలేదేమండీ? ఒక్క కడుపున, ఒక్కసారే పుట్టాం గదా."

"జన్యువులు ఒకటైనా ఇద్దరికీ రావాలని లేదమ్మా. చాలాసార్లు కవలల్లో ఒకరికే వస్తుంది."

ఆ జవాబు సలోమికి పుండు మీద కారమైంది. చుట్ట కాల్చేదానికి ఏమీ లేదు, తనకెందుకు? లేసు కొనే ఏజెంటు ఇప్పుడు రూతు ముందు కూర్చుంటున్నాడు. ఆమె అల్లిక కుదురుకుంది కూడా. అలవాటు కొద్దీ సలోమి నన్ను సంచిలో వేసుకుని తిరిగేది గాని, తీసేది కాదు. రూతు చేతిలో ఆడే సూదిని చూస్తే నాకూ ఒళ్లు మండేది.

ఒకరోజు సలోమి, "నువ్వూ రక్తం చూపించుకోవే, నీ మంచికే" అంది. రూతు నమ్మింది. పరీక్షకు ముందు చర్చిలో సలోమి గొణిగినది సంచిలో ఉన్న నేను విన్నాను. "దానికీ ఉండాలి ప్రభువా."

ఉంది. రూతు రక్తంలోనూ అవే యాంటీబాడీలు. జబ్బు కొన్నేళ్లకు రావచ్చు, అసలు రాకపోనూవచ్చు అంది డాక్టరమ్మ. ఇలాంటి జన్యువులున్నవాళ్లకు పొగ నిప్పు రాజేసినట్టేనని, చుట్ట ఇవాళే మానాలని గట్టిగా చెప్పింది. సలోమి ముఖం ఒక్క క్షణం వెలిగింది.

తిరుగు బస్సులో రూతు తన గుప్పిట మూసి, తెరిచి చూసుకుంది.

"నా వేళ్లూ ఇలాగే అయిపోతే, పొద్దున్నే నీ తలెవరు దువ్వుతారే అక్కా?"

సలోమి కిటికీ వైపు తిరిగిపోయింది. ఊరొచ్చేదాకా ఇటు తిరగలేదు.

ఇంటికి రాగానే సలోమి చెల్లెలి చుట్టల కట్ట తీసి కాలవలో పారేసింది. రూతు తిట్టింది, అలిగింది, పక్కింట్లో అడిగి తెచ్చుకుంది. సలోమి అదీ లాక్కుంది. ఆ పోట్లాట చాలాకాలం సాగింది, చివరికి రూతే ఓడిపోయి చుట్ట మానేసింది. ఆ తర్వాత ఒకనాడు సలోమి నన్ను సంచిలోంచి తీసి రూతు ఒళ్లో పెట్టింది.

మాత్రలతో సలోమికి వాపు తగ్గింది. వంగిన వేళ్లు మాత్రం చక్కబడలేదు. అసూయ పోయిందని నేను చెప్పను. రూతు మంచి పువ్వు అల్లిన రోజున ఆమెకు ఇప్పటికీ అన్నం సహించదు. కాని పొద్దున్నే రూతు నన్ను అందుకోకముందే సలోమి ఆమె చెయ్యి లాక్కుని, ఒక్కో కణుపూ నొక్కి, నొప్పుందా అని అడుగుతుంది.

లేదక్కా అంటుంది రూతు.

ఆ మాట వినగానే సలోమి మనసు చివుక్కుమంటుంది. అయినా రేపూ అదే మాట వినాలని ఆమెకు ఉంటుంది.