మన ఊరు లేని పటం

నేను ఒక పాత ఐరోపా పటాన్ని. లండనులో అచ్చయ్యాను, నా రంగులు మాత్రం జర్మనీ నుంచి వచ్చాయట. ఆ రోజుల్లో అందులో ఎవరికీ తప్పు కనిపించలేదు. గుడ్డకు అతికించి, పైనా కిందా కర్రలు బిగించి నన్ను ఓడెక్కించారు. నా నీలి సముద్రాలే నన్ను ఊపుతున్నాయనుకుంటూ నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి విజయనగరం దగ్గర ఒక పల్లెటూరి బడిలో, సింహాద్రి మాస్టారి గోడ మీద ఉన్నాను.

మాస్టారికి ఒక అలవాటు. ఏ రెండు దేశాలు చేతులు కలిపినా నా మీద గుండుసూదులు గుచ్చి మధ్య దారం కట్టేవారు. జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీలకు ఎర్రదారం. ఫ్రాన్సు, రష్యా, ఇంగ్లండులకు నీలిదారం. రష్యా నుంచి చిన్న సెర్బియాకు ఇంకో పోగు. మధ్యాహ్నపు గాలికి అవి ఊగుతుంటే, నన్నెవరో ఊయలగా అల్లుతున్నారని మురిసిపోయేదాన్ని.

మాస్టారి భార్య గౌరమ్మ రోజూ అంబలి ముంత తెచ్చేది. తల్లి పోయాక తాను ఎత్తుకు పెంచిన తమ్ముడు పైడినాయుడు పటాలంలో చేరతానంటున్నాడని ఆమెకు బెంగ.

"యుద్దమొస్తేనో?" అంది ఒకరోజు.

మాస్టారు బెత్తం నా మీద ఆనించారు. "రాదే పిచ్చిదానా! ఈ దారాలు చూడు. ఒకడి జోలికెళ్తే అందరూ లెగుస్తారు. ఆ భయానికే ఎవడూ కదలడు. పైగా ఆ రాజులంతా దగ్గర సుట్టాలు."

"సుట్టాలైతే కొట్టుకోరేటి? మీకూ మీ సిన్నాన్న కొడుకులకీ పొలం గట్టు తగువు పదేళ్ల నుంచి నడుస్తంది కాదేటండీ?"

మాస్టారు నవ్వేశారు. పైడినాయుడు ఆయన మాట నమ్మి పటాలంలో చేరాడు.

మరుసటి ఏడు ఆస్ట్రియా యువరాజును ఒక సెర్బు యువకుడు కాల్చి చంపాడని పత్రికలో వచ్చింది. మాస్టారు రోజూ వార్త చదివి, పిల్లలకు చూపించడానికి సూదులు జరపసాగారు. ఆస్ట్రియా సూదిని సెర్బియా మీదికి జరిపితే రష్యా దారం బిగిసింది. జర్మనీ కదిలింది, ఫ్రాన్సు కదిలింది. ఇటలీ దారం మాత్రం వదులుగా ఉండిపోయింది, గడుసుది. చివరికి ఇంగ్లండు సూది ఊడి వచ్చి నా గుడ్డ చిరిగింది. పట్టి ఉంచుతాయనుకున్న దారాలే అందరినీ లాగాయి. నాకు చాలా నొప్పి పుట్టింది. మనల్ని ఏలేది ఇంగ్లండే కాబట్టి పైడినాయుడి పటాలాన్నీ ఫ్రాన్సుకు ఓడెక్కించారు.

గౌరమ్మ ఆ చిరుగును వేలితో తడిమింది. "ఇందులో మనూరెక్కడండీ?"

"లేదే. ఇది ఐరోపా."

"మనూరే లేని పటంలో మా తమ్ముడికేటి పనండీ?"

ఊడి వచ్చిన సూదిని మాస్టారు బల్ల మీద పెట్టేశారు.

చలికాలంలో ఫ్రాన్సు నుంచి కబురొచ్చింది. పైడినాయుడు ఇక లేడు. గౌరమ్మ అతని పాత తువ్వాలు నుంచి పొడవాటి పోగు లాగింది. ఒక కొస ఫ్రాన్సు మీది సూదికి కట్టింది. రెండో కొస నా అంచు దాటించి, కింది కర్ర దాటించి, గోడమేకుకు ముడేసింది.

"ఇక్కడ మనూరు," అంది.

మాస్టారు మళ్లీ నా మీద దారం కట్టలేదు. ఆ ఏడే చిన్నాన్న కొడుకుల ఇంటికి వెళ్లి, గట్టు వాళ్లకే వదిలేసి వచ్చారు.

ఇప్పుడు నేను మ్యూజియంలో ఉన్నాను. నా కింద చీటీ మీద "పురుగులు కొట్టిన రంధ్రాలు" అని రాశారు. చదివి నాలో నేనే నవ్వుకుంటాను. మిగతా సూదులన్నీ పోయాయి, ఫ్రాన్సు మీది సూదీ దానికి కట్టిన తువ్వాలు పోగూ మాత్రం మిగిలాయి. కిటికీ తెరిచినప్పుడల్లా ఆ పోగు రెండో కొస గోడ మీద తడుముకుంటుంది. అక్కడ మేకు లేదు.