ఒక్క చెవి చాలు

కూర్మమ్మ డ్రైవింగ్ లైసెన్సు గడువు ఆ ఏడాది జూన్ నెలాఖరుకి తీరిపోతుంది. అదే నెలలో ఆమె మొగుడు సూరయ్య వెరావల్ నుంచి ఇంటికొచ్చాడు. కళింగపట్నంలో చాలామంది మగవాళ్లలాగే అతనూ గుజరాత్ బోట్ల మీద పని చేస్తాడు. వానాకాలం అక్కడ వేట ఆపేస్తే ఊరొస్తాడు, మళ్లీ బోట్లు కదిలే వేళకి రైలెక్కుతాడు.

అతను ఊళ్లో లేని నెలల్లో ఇల్లు నడిపేది కూర్మమ్మ వ్యాను. చిన్న బండే. తెల్లవారకుండానే ఒడ్డున వేలంలో చేపలు పాడుకున్న ఆడవాళ్లు గంపలూ ఐసు పెట్టెలూ వెనక పెట్టుకుని ఎక్కుతారు. కూర్మమ్మ వాళ్లని శ్రీకాకుళం బజారులో దింపి, నరసన్నపేట హోటళ్లకి వంజరం, రొయ్యలు వేసి, పొద్దెక్కాక తిరిగొస్తుంది. పూర్వం ఆ పని థామస్ చేసేవాడు. చర్చి వీధిలో ఉంటాడు. అతనికి కాలేజీ బస్సు మీద ఉద్యోగం దొరికినప్పుడు, తన పాత వ్యాను ఎవరికి అమ్మాలా అని చూస్తుంటే, "నాకు నేర్పు అన్నా, నానే కొంటాను" అంది కూర్మమ్మ. లైట్ హౌస్ దగ్గర ఖాళీ రోడ్డు మీద అతను నేర్పాడు. ఆరేళ్లయింది. ఇంతవరకూ ఒక కోడిపిల్ల కూడా ఆమె చక్రం కింద పడలేదు.

సూరయ్యకి మొదట్లో ఈ బండి గొప్పగానే ఉండేది. ఈసారి టీ బడ్డీ దగ్గర ఎవరో, "నీకేటి మావా, పెళ్లాం డ్రైవరు, నువ్వు క్లీనరువి" అని నవ్వారు. ఆ మాట అతనికి ముల్లులా దిగబడింది.

"ఈ ఏడుతో బండి మానీ" అన్నాడు ఆ మధ్యాహ్నం అన్నం తింటూ.

"మానీసి?"

"నా తమ్ముడికిచ్చీ. ఆడు తోలుకుంటాడు."

"ఆడికి కావాలంటే ఆడు కొనుక్కుంటాడు. రేపు నాను లైసెన్సుకి ఎల్తన్నాను" అంది కూర్మమ్మ, అతని కంచంలో పులుసు పోస్తూ.

 మర్నాడు ఆమె బండి తీస్తుంటే సూరయ్య వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. తోడొస్తానన్నాడు. కూర్మమ్మకి వింతగానే అనిపించింది.

లైసెన్సు కొత్తది కావాలంటే ముందు డాక్టరు సర్టిఫికెట్ కావాలి. శ్రీకాకుళంలో డ్రైవర్లందరూ వెళ్లే క్లినిక్ ఒకటుంది. అక్కడి పెద్ద డాక్టరు మొహం చూసి సంతకం పెట్టేవాడు. ఆయన పోయాక కూతురు అనూరాధ కూర్చుంటోంది. ఈవిడ నిజంగానే పరీక్ష చేస్తోందని వరండాలో డ్రైవర్లు గొణుక్కుంటున్నారు. ఆ వరసలో థామస్ కూడా ఉన్నాడు. కూర్మమ్మని చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు.

ఆమె వంతు వచ్చింది. గది తలుపు తీసే ఉంది. గోడ మీద అక్షరాలు చదివించారు, రంగుల పుస్తకం చూపించారు. అన్నీ సరిగ్గా చెప్పింది. తర్వాత డాక్టరు ఆమెని గోడవైపు తిరగమని, వెనక దూరంగా నిలబడి మెల్లగా అంకెలు చెప్పింది. కూర్మమ్మ ప్రతి అంకెనీ తిరిగి చెప్పింది.

"సరే, బాగుంది" అంటూ డాక్టరు పెన్ను తీసింది.

అప్పుడు గుమ్మంలోంచి సూరయ్య అన్నాడు. "దానికి సెవుడు డాక్టరమ్మా. ఎడం సెవి బొత్తిగా ఇనపడదు. మీరు ఎరగక సంతకం పెట్టెస్తన్నారు."

వరండాలో ఎవరో నవ్వారు. డాక్టరు పెన్ను కింద పెట్టింది. తనే కూర్మమ్మ కుడి చెవిని దూదితో, దాని మీద అరచేత్తో మూసి, ఎడమ వైపు నుంచి మాట్లాడింది. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. కూర్మమ్మ ఏదీ తిరిగి చెప్పలేకపోయింది.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అంది డాక్టరు చెయ్యి తీసేసి.

"వినపడతన్నాదా అని అడిగినారు. వినపడతన్నాది కాబట్టి సెప్పినాను. ఏ సెవితోనని అడగనేదు."

"ఎప్పటినుంచి ఇలా ఉంది? పుట్టుకతోనా?"

"సిన్నప్పుడు సీము కారిందమ్మా" అన్నాడు సూరయ్య వెంటనే.

కూర్మమ్మ అతనివైపు తిరిగింది. పన్నెండేళ్లుగా ఆ అబద్ధం రకరకాలుగా విన్నది. అత్త లక్ష్మీనరసమ్మ అయితే, పడవ లాగుతుంటే జారి చెక్కకి కొట్టుకుందని చెప్పేది. కూర్మమ్మ కూడా అడిగినవాళ్లకి అదే చెప్పింది, తల్లితో సహా. నిజానికి ఆ రోజు పడవ లేదు. సూరయ్య స్నేహితులు అరుగు మీద కూర్చున్నారు. కూర వండి పెట్టమని అతను కేకేస్తే, కూతురికి జ్వరం, ఇప్పుడు వండలేనని ఆమె వాళ్ల ఎదుటే అంది. అంతే. చెంప మీద పడ్డ చెయ్యి చెవిని కూడా కప్పింది. లోపల ఏదో చిట్లినట్టయి, కొన్నాళ్లు ఈల మోగుతూనే ఉండి, ఒక రోజు ఆ ఈల కూడా ఆగిపోయింది. అత్త నూనె కాచి పోసింది. ఆస్పత్రికి ఎవరూ తీసుకెళ్లలేదు.

"సీము కాదు డాక్టరమ్మా" అంది కూర్మమ్మ. గొంతు పెంచలేదు, కానీ తలుపు తీసే ఉంది కాబట్టి వరండాలో అందరికీ వినపడింది. "ఈయన కొట్టినాడు. నా మొగుడు. ఈయన సేత్తోనే పోయినాది సెవి. ఈ పొద్దు ఆ సెవి నేదని ఈయనే మీకు సాడీ సెప్పతన్నాడు."

వరండాలో నవ్వు మళ్లీ వినపడలేదు. సూరయ్య, థామస్ తనవైపే చూస్తున్నాడని గమనించి, చెప్పులేసుకుని రోడ్డు మీదకి వెళ్లిపోయాడు.

 అనూరాధ నెమ్మదిగా, "అమ్మా, నాకు బాధగానే ఉంది. కానీ ఇప్పుడు నేను సంతకం పెట్టలేను. పెద్దాసుపత్రిలో చెవి డాక్టరు దగ్గర మిషను పరీక్ష చేయించుకుని రా. అది చూసి చెప్తాను" అంది.

బయటికొస్తే థామస్ వెనకే వచ్చాడు. "నా మాట విను సెల్లీ. ఆమదాలవలసలో ఇంకో డాక్టరున్నాడు. మనిషిని సూడకుండానే సంతకం పెట్టెస్తాడు. పద, నాను తీసుకెల్తాను."

"వద్దన్నా."

"ఆ మిషనులో తప్పితే బండి పోతాది."

"పోతే పోనీ. దొంగసంతకంతో తోలితే మా ఆయన రోజూ నా మీద సాడీ సెప్పగలడు. నా కుడి సెవి బాగున్నాది. అది బాగున్నాదని ఆళ్ల సేతే రాయిస్తాను."

పైకి అలా అందిగానీ, పెద్దాసుపత్రిలో మిషను పరీక్ష చేసే చిన్న గది ముందు కూర్మమ్మ ఒకసారి ఆగి, కొంగు దోపుకుని లోపలికి వెళ్లింది. గోడలకి మెత్తలు కొట్టిన గది. తలుపు వేస్తే తన ఊపిరే పెద్దగా వినిపిస్తోంది. అద్దం అవతల కూర్చున్న ఆస్పత్రి అమ్మాయి, చెవులకి తగిలించిన వాటిలో కూత వినపడితే చేతిలో మీట నొక్కమని చెప్పింది. మొదట ఎడమ చెవి. కూర్మమ్మ కళ్లు మూసుకుని కూర్చుంది. ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. అవతల ఎన్ని కూతలు పోతున్నాయో తెలియదు. ఇన్నేళ్లలో ఆ చెవి పోయినందుకు ఆమె ఒక్కసారీ ఏడవలేదు. పని ఉండేది, సాకాల్సిన కూతురు ఉండేది. ఇప్పుడా నిశ్శబ్దంలో ఏమీ తోచక ఏడుపొచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది, మీట మాత్రం వదల్లేదు.

తర్వాత కుడి చెవి. దోమ పాడినంత సన్నగా మొదలైంది. నొక్కింది. అంతకన్నా సన్నగా వచ్చింది. నొక్కింది. ఇంకా సన్నగా, ఉందా లేదా అన్నట్టు. అదీ నొక్కింది.

"ఎడమ వైపు అసలు లేదు" అన్నాడు చెవి డాక్టరు కాగితం చూస్తూ. "కుడి వైపు మాత్రం చిన్నపిల్లల చెవిలా ఉంది."

ఆ కాగితం తీసుకుని మళ్లీ అనూరాధ ముందు నిలబడింది. డాక్టరు రెండుసార్లు చదివి, "కుడి చెవి బాగుంది, నిజమే. కానీ ఇంట్లో మనిషే అందరి ముందూ వద్దన్నాడు. రేపు ఏదైనా జరిగితే..." అని ఆగింది.

"రేపు జరిగేదానికి నానేటి సెప్పను డాక్టరమ్మా. ఆ కాగితంలో ఏటున్నాదో అది రాయండి. రోడ్డు మీద హారన్ నాకు వినపడదని అనుకుంటే, వినపడదని రాసి సంతకం పెట్టి ఇయ్యండి. అది పట్టుకుని లైసెన్సులిచ్చే పై ఆఫీసరు దగ్గరకి ఎల్తాను. ఆయన్నే వచ్చి నా బండెక్కి కూసోమంటాను. వట్టినే ఎల్లిపొమ్మంటే మాత్రం ఎల్లను."

అనూరాధ ఆమెని తేరిపార చూసింది. తర్వాత ఫారం ముందుకు లాక్కుని రాసింది. మామూలు హారన్, శబ్దాలు వినగలదని రాసి సంతకం పెట్టి, "ఎడమ వైపు పెద్ద అద్దం వేయించు. అది నా మాటగా విను" అంది.

"ఏయిస్తాను."

"ఇంకో మాట. నిన్ను కొట్టినందుకు కేసు పెట్టాలంటే నేను సాయం చేస్తాను."

కూర్మమ్మ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. "మీ మాట గుర్తుంచుకుంటాను. ముందు నా బండి నాకు నిలబడాల" అంది.

కొత్త లైసెన్సు చేతికొచ్చిన రోజుకి ఊళ్లో ఈ కథ తెలియనివాళ్లు లేరు. వరండాలో డ్రైవర్లు అన్ని ఊళ్లవాళ్లూ ఉన్నారు మరి. లక్ష్మీనరసమ్మ గుమ్మంలోనే అడ్డుకుంది.

"పదిమందిలో ఇంటి పరువు తీసినావు కదే."

"నా సెవి పోయినప్పుడు పోనేదా అత్తా ఆ పరువు?" అంది కూర్మమ్మ. ముసలావిడ పక్కకి తప్పుకుంది.

మర్నాడు తెల్లవారుజామున లేచి చూస్తే తాళంచెవి మేకుకి లేదు. సూరయ్యా లేడు. కూర్మమ్మ రోజూ బండి నిలిపే ఒడ్డుకి వెళ్లింది. బండి దగ్గర గంపలతో ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. సూరయ్య బండికి ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు.

"తాళం ఇయ్యి" అని చెయ్యి చాపింది.

"ఇవ్వను. నన్ను నలుగురిలో తలెత్తుకోకండా సేసినావు. బండి లేదు, ఏటీ లేదు, ఇంటికి నడు."

"తాళం ఇయ్యి మావా. ఐసు కరిగిపోతన్నాది."

అతని చెయ్యి లేచింది. కూర్మమ్మ వెనక్కి జరగలేదు. ముందుకి ఒక అడుగు వేసి కుడి చెంప అతనివైపు తిప్పింది.

"ఇదొక్కటే మిగిలినాది. కొడితే ఇక్కడే కొట్టు, అందరూ సూస్తారు. ఈసారి పడవ మీద పడినానని మాత్రం సెప్పను."

గంపల ఆడవాళ్లలో పెద్దది అప్పలమ్మ. ఆమె నెత్తి మీది గంప దించి ఇసుకలో పెట్టింది. ఆమెని చూసి మిగతావాళ్లూ దించారు.  అందరూ వచ్చి కూర్మమ్మ వెనక నిలబడ్డారు.

సూరయ్య చెయ్యి దిగిపోయింది. లుంగీ మడతలోంచి తాళం తీసి ఇసుకలోకి విసిరాడు.

కూర్మమ్మ వంగలేదు. "తియ్యి. సేతికియ్యి" అంది.

అలలు వచ్చి పోతున్నాయి. సూరయ్య అటూ ఇటూ చూశాడు. తన వైపు మాట్లాడేవాళ్లెవరూ కనపడలేదు. వంగి తాళం తీసి, ఇసుక దులిపి, ఆమె చేతిలో పెట్టాడు.

"గంపలెక్కించండి" అంది కూర్మమ్మ.

ఆ తర్వాత మొగుడూ పెళ్లాల మధ్య మాటలు తగ్గాయి. అతను అన్నం పెడితే తినేవాడు, బండి ఊసు ఎత్తేవాడు కాదు. వెరావల్లో బోట్లు కదలడానికి ఇంకా రోజులుండగానే సంచీ సర్దుకుని, బస్సెక్కి స్టేషనుకి వెళ్లిపోయాడు. కూర్మమ్మ ఆ వేళకి నరసన్నపేటలో రొయ్యలు తూయిస్తోంది.

తిరిగొచ్చేటప్పుడు బండిలో అప్పలమ్మ అడిగింది. "మళ్లీ వస్తాడంటావా?"

"వస్తే రానీ. ఇల్లు ఇద్దరిదీను" అంది కూర్మమ్మ. ఎదురుగా ఇసుక లారీ ఒకటి హారన్ కొడుతూ వస్తోంది. ఆమె గేరు తగ్గించి, దానికి దారిచ్చి, మళ్లీ రోడ్డెక్కింది. "కానీ సెయ్యెత్తితే ఆ డాక్టరమ్మ దగ్గరకే ఎల్తాను. ఆ మాట ఆయన ఎల్లకముందే సెప్పినాను."

"ఏటన్నాడు?"

"ఏటీ అననేదు. ఇన్నాడు."