సొంత గొంతుతో అడిగితేనే నీళ్లు

నేను ఒక ఇత్తడి గ్లాసును. పుట్టింది ఇత్తడి సామాన్లకి పేరుపడ్డ బుడితి ఊళ్లో. కంచరి సూరయ్య నన్ను పోతపోసి, చింతపండు పెట్టి తోమి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోయాడు. మంచినీళ్లు తాగడానికే పుట్టాననుకున్నాను. సినిమా హీరోలు నాలోంచి డైలాగులు చెబుతారని అప్పుడు నాకేం తెలుసు?

వరహాలు కాపురానికి వస్తూ నన్ను విజయనగరం తెచ్చుకుంది. ఆమె మొగుడు పైడిరాజు మిమిక్రీ చేసేవాడు. ఆర్కెస్ట్రా వాళ్లు పాటకీ పాటకీ మధ్య ఊపిరి తీసుకునే వేళ, జనం లేచిపోకుండా పేరున్నవాళ్ల గొంతులతో నవ్వించడం అతని పని. ఒకరోజు నీళ్లు తాగుతూ తాగుతూ నాలోకి నవ్వాడు. ఆ నవ్వు అచ్చం రేడియోలోంచి వచ్చినట్టు వచ్చింది. అంతే, మర్నాటి నుంచి నా కాపురం అతని సంచిలోనే. వ్యాను మీంచి పడి సొట్టపోయాక విలన్ నవ్వు నాలో ఇంకా బాగా పలికేది. మనుషులకి సొట్ట పడితే ఏడుస్తారు, నాకు పడితే చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చినా ఆ గొంతులు దిగేవి కావు. "వరహాలూ, నీళ్లు" అని పెద్ద హీరోలా గర్జించేవాడు. వెంటనే విలన్‌లా గరగరలాడేవాడు. ఆవిడ పొయ్యి దగ్గర నుంచి తల తిప్పేది కాదు.

"ఏటయ్యా, ఊర్లో నీళ్లు లేనట్టు అందరూ మనింటికే వత్తన్నారు? నీ గొంతుతో అడుగు, ఇత్తాను."

అలిగి, వాకిట్లో రెండుసార్లు తిరిగి, చివరికి తన సన్నపాటి ముక్కుగొంతుతో అడిగేవాడు. "వరాలూ, నీళ్లు." అప్పుడు నన్ను అంచు దాకా నింపి ఇచ్చేది. ఆ గొంతుకి ఏ ఊళ్లోనూ ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. దాన్ని అడిగి మరీ రప్పించుకున్న మనిషి ఆవిడ ఒక్కతే.

ఒక ఆషాఢంలో జ్వరం వచ్చి, నాలుగో రోజుకి వరహాలు వెళ్లిపోయింది. పలకరించడానికి వచ్చినవాళ్లకి పైడిరాజు రేడియో వార్తలవాడి గొంతుతో ఆ సంగతి చెప్పాడు. వాళ్లు నవ్వేసి, తర్వాత తలలు దించుకున్నారు. ఇక వద్దనేవాళ్లు లేరు. ఆ ఒక్క గదిలో పదకొండు మంది పేరున్నవాళ్లు మాట్లాడేవారు. పైడిరాజు మాత్రం ఉండేవాడు కాదు.

అలా ఏళ్లు గడిచాక ఒక కాలేజీ వార్షికోత్సవానికి పిలిచారు. పెద్ద హీరో గొంతు ఎత్తుకున్నాడు. ఒక్కరూ నవ్వలేదు.

"తాతగారూ, ఇది ఎవరి గొంతండీ?" అని ముందు వరసలో అమ్మాయి అడిగింది.

పేరు చెప్పాడు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మనిషే తెలియనివాళ్లకి అతని గొంతు ఏం వినిపిస్తాడు చెప్పండి? నోరు ఎండిపోయి నన్ను ఎత్తాడు. నాలో చుక్క లేదు. అలవాటుగా పక్కకి తిరిగి అన్నాడు.

"వరాలూ, నీళ్లు."

మైకు ఎదురుగానే ఉందని మరిచిపోయాడు. హాలంతా చప్పట్లతో మోగిపోయింది.

"ఇది బావుంది తాతగారూ, అచ్చం ఎవరో మామూలు మనిషి మాట్లాడినట్టే ఉంది. ఎవరిదండీ?"

అడిగింది ఆ ముందు వరస అమ్మాయే.

"వరహాలు మొగుడిదమ్మా" అన్నాడు. "మీరెరగరు."

"ఒన్స్ మోర్" అని అరిచారు పిల్లలు. ఆ గొంతుకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటి ఒన్స్ మోర్. అతను నన్ను బల్ల మీద బోర్లించి, ఉత్త నోటితో మళ్లీ అన్నాడు.

ఆ తర్వాత ప్రోగ్రాములకి వెళ్లలేదు. నేనిప్పుడు పొయ్యి పక్క గూట్లో ఉంటున్నాను. మధ్యాహ్నం పీట వాల్చుకుని కూర్చుంటాడు. హీరో రాడు, విలన్ రాడు. "వరాలూ, నీళ్లు" అని తన గొంతుతోనే అడుగుతాడు. ఒక గ్లాసు నిండేంతసేపు ఎదురు చూస్తాడు. తర్వాత తనే లేచి వంచుకుంటాడు.