పొయ్యి పైన అర

కాదు, ఇది ఆయనది కాదు, ఎవరో కొత్తవాళ్లు కాచిన బీరు, నోట్లో పోసుకోగానే తెలిసిపోయింది, మెత్తటి గింజల తీపి, చివర్న సన్నని చేదు, అంతే, మాడు అన్నదే లేదు, ఆయన బీరంటే అడుగంటిన పాకంలా గొంతు పట్టుకోవాలి, ఇదిగో మీ నాన్నంటే ఇది అని రెండో గ్లాసు ముందుకు తోశాను, ఎప్పుడూ నీ నాలుకకి దండం తల్లీ అని వెక్కిరించే మా అమ్మాయి ఈసారి నవ్వలేదు, గోడకేసి తిరిగింది, ఈ బీరు కార్ఖానాలో పరీక్షలు చేసే పిల్ల మాత్రం పెద్దమ్మా, రెండూ పెద్దాయనవే, ఒకే పీపాలోంచి ఒకే రోజు పట్టిన సీసాలు, ఇది ఇక్కడ నేలమాళిగలో చల్లగా మూలన పడి ఉంది, అది మీ ఇంట్లోది అంది, ఒకటేనా, ఎలా ఒకటవుతాయి, మాల్టు, అదే మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు, వేయించేటప్పుడూ మరిగించేటప్పుడూ వేడికి ఫర్ఫ్యూరాల్ అనేదేదో కొంత పుడుతుందట, సీసాకి మూత బిగించినా ఆగదట, వెచ్చగా ఉంచితే లోపల్లోపలే పెరుగుతుందట, మీరు మాడు మాడు అంటారే, అది పెద్దాయన చెయ్యి కాదు పెద్దమ్మా, మీ పొయ్యి.

పొయ్యి పైన అర, నేనే పెట్టాను, ఇంట్లో చెమ్మ తగలని చోటు అదొక్కటేనని, ఆయన చివరగా కాచిన పెట్టె, ఏడాదికొక సీసా తీసి గుక్కెడు తాగేదాన్ని, ఏటేటా రుచి ముదురుతుంటే మనిషి ఇంకా దగ్గరికొస్తున్నాడనుకున్నాను, పిచ్చిదాన్ని, పైగా ఇక్కడే ఆయన పనిలో చేరిన మా అమ్మాయిని కూర్చోనిచ్చానా, ఇంకొంచెం వేయించవే, ఇంకా నాన్న రాలేదే అని, అది కళ్లు మండుతున్నా గింజలు బొగ్గయ్యేదాకా డ్రమ్ము తిప్పేది, దగ్గుకుంటూ వచ్చి ఇప్పుడైనా వచ్చాడా అమ్మా అని గ్లాసు అందించేది, కాచిందల్లా ఆ ఫర్ఫ్యూరాల్ మోతాదు మించిందని కాలవపాలైంది, ఇవాళ వేయించేది కూడా పోతే నువ్వూ పోతావమ్మా అని యజమాని మొహమ్మీదే అన్నాడు, అటు డ్రమ్ము కాలుతోంది, గింజలు పోసే ఉన్నాయి.

ఎక్కడ ఆపమంటావో చెప్పమ్మా, నాన్నది నీకే కదా తెలుసు, అంటోంది, గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది, మొదటి గ్లాసు మళ్లీ అందుకున్నాను, ఇంకో గుక్క, ఎంత నెమ్మదైన బీరు, ఎక్కడా తొందర లేదు, ఎక్కడా మంట లేదు, బతికున్నన్నాళ్లూ ఒక్కసారి రుచి చూడవే అని బతిమాలేవాడు, ఛీ, ఆ కంపు నాకొద్దు అని మూతి తిప్పుకునేదాన్ని, పోయాకే ఆ పెట్టె మూత తీశాను, అప్పటికి ఎన్ని వంటల సెగ తగిలిందో, నన్నడక్కే, నీ ముక్కుకి ఎక్కడ బాగుంటే అక్కడ దించెయ్ అన్నాను, మీ నాన్న బీరు నేనెప్పుడూ తాగలేదే, ఇప్పుడే తాగుతున్నాను.