సంగప్ప కూసున్న జాగ

జహీరాబాద్ బస్టాండుకు ఎదురుంగ జబ్బార్ చాయ్ హోటల్ ఉండె. రోజూ పొద్దుగాల నమాజ్ అయినంక జబ్బార్ పెద్ద గిన్నెల నీళ్లు పోసి, దాని పక్కన స్టూలేసుకొని కూసునేటోడు. భార్య గౌహర్ బేగం పెట్టెలకెళ్లి ఒక కాగితం తెచ్చి గట్టిగ చదివేది. "వంటవాడు జబ్బార్ నిర్లక్ష్యం వలన..." అనేకాడికి గిన్నె అడుగున బుడగలు లేసేటివి. "పొయ్యి పొగ శత్రువు కంటబడి, డ్రైవరు ప్రాణం పోయినందున..." అనేకాడికి నీళ్లు సలసల మసిలేటివి. అప్పుడామె కాగితం మడిచి, చాయ్‌పత్తి, చక్కెర ఏసేది. మూడో ముక్క "ఇట్టి మనిషి కొలువుకు పనికిరాడు" అని. అది ఎన్నడూ చదవకపోతుండె. చదివితే పాలన్ని పొంగి నేలపాలైతయి.

హోటల్ల పొయ్యి లేక కాదు. జబ్బార్ నాయిన కట్టిన మట్టిపొయ్యి ఉండె. అండ్ల ఒక తెల్లపిల్లి పండేది. దాని తల్లి కూడ అండ్లనే పండేది.

జబ్బార్‌కు కోపమొస్తే నీళ్లు కాగుడు చిన్ననాటి సంది ఉన్నదే. పక్కింటి అజ్మత్ బీ గుడ్లు పట్టుకొచ్చి, "జబ్బార్ భాయ్, జర చక్కెర ధర గురించి మాట్లాడు, నాలుగు గుడ్లు ఉడకాలె" అని అడిగేది. ఝరాసంగం బస్సు లేటైన దినం చాయ్ కడక్‌గ ఉంటదని అందరికి ఎరికే.

సంతనాడు మాత్రం గౌహర్ బేగంకు కాగితంతోని పనివడేది కాదు. ఆనాడు న్యాల్‌కల్ దిక్కుకెళ్లి నారమ్మ వచ్చేది. పెసర్ల గంప దించి, హోటల్ ముందట నిలవడి, నడుముకు కొంగు జెక్కి మొదలువెట్టేది.

"నీ చేతులిరగ జబ్బారూ! నీ పొయ్యిల మన్నువొయ్య! నా పెనిమిటిని మింగి నువ్వు చాయ్ అమ్ముకుంటున్నవురా!"

లోపల మూడు గిన్నెలూ ఒక్కపారే మసిలేటివి. జబ్బార్ పండ్లు గిట్టకరిచి, తల వంచుకొని చాయ్ వడగట్టేటోడు. సంతకొచ్చిన మంది ఆ చాయ్ తాగుకుంట, "ఇయ్యాల మస్తుంది" అనేటోళ్లు. ఏం మనుషులో! ఒకామె కడుపుమంట మీద కాగిన చాయ్ అది, గుటక ఎట్ల దిగిందో నాకైతే తెల్వదు.

నారమ్మ మొగడు సంగప్ప మిలటరీల డ్రైవరు. జబ్బార్ ఆయన నడిపే బండిల వంటోడు. డెబ్బై ఒకటి లడాయిల ఇద్దరూ పడమటి సరిహద్దు కాడ ఒక వంటలారీ మీద ఉండిరి. జబ్బార్ తిరిగొచ్చిండు, ఆ కాగితంతోని. సంగప్ప రాలే. పెట్టెల నాలుగు జతల బట్టలు వచ్చినయి.

పన్నెండేండ్లు గిట్లనే గడిచినయి. ఎనభై మూడు ఎండాకాలంల, ఒక సంతనాడు, నారమ్మ వచ్చి తిట్టలే. సక్కగ లోపలికొచ్చి బల్ల మీద కూసున్నది.

"నాకు ఆ బండి కావాలె" అన్నది.

"ఏ బండి?"

"మీ వంటబండి. చిన్నగ జేసి ఇయ్యి. అండ్ల ఆయనను కూసోవెట్టి ఇయ్యి." కొంగు మళ్ల నడుముకు జెక్కింది. "మావోళ్లు పోతే కాల్చరు, కూసోవెట్టి మన్ను జేస్తరు, నీకెరికే గదా. మా మామను కూసోవెట్టినం, అత్తను కూసోవెట్టినం. నా మొగన్నేమో ఆడనే కాల్చి బట్టలు పంపిన్రు. బట్టలను ఎట్ల కూసోవెట్టాలె? మా మామ పక్కన జాగ పన్నెండేండ్ల సంది ఖాళీ ఉంది. పోయిన ఘడియల ఆయన యాడ కూసున్నడో, ఎట్ల కూసున్నడో, గట్లనే జేసియ్యి. నేను సూడలే. సూసింది నువ్వొక్కనివే."

"నాకు రాదు."

"రాకుంటే నేర్చుకో. మింగింది నువ్వు. నువ్వే ఇయ్యాలె."

ఆమె పోయినంక గిన్నెలు మసులుడు ఆగలే. ఆ పొద్దంత అజ్మత్ బీ గుడ్లతోని పాటు ఆలుగడ్డలు గూడ ఉడకవెట్టుకున్నది.

జబ్బార్ కాడ బండి ఫోటో లేదు, కొలతలు లేవు. కాని ఆయన చేతులకు బండి యాదికుండె. బండి అంచు రొమ్ము దాక, గరిటె కొక్కెం చెయ్యి లేపితే అందేంత, పొగగొట్టం సంగప్ప తల మీద ఇంక మూరెడు. ఒక జానకు ఒక వేలు అని లెక్క వెట్టుకున్నడు. అసలు బండిల జానెడున్నది ఈ బండిల వేలు మందం ఉంటది. గోడ మీద బొగ్గుతోని గీతలు గీసి, డాల్డా డబ్బాలు కత్తిరిచ్చుడు మొదలువెట్టిండు.

బూటు పాలిష్ డబ్బాలు చక్రాలైనయి. ఇరిగిన గొడుగు పుల్లలు పైన కమాన్లైనయి. వాటి మీద కప్పనీకి తన పాత ఖాకీ ప్యాంటు కాలు కోసిండు. అన్నం వండే నాలుగు పెద్ద దేగీషల కోసం చేతికేదీ దొరకక తండ్లాడుతుంటే, పై సంతకు నారమ్మ ఎద్దు మెడగజ్జెలు రెండు తెచ్చి ముందట వడేసింది. "కోసుకో. ఆయన ఎద్దుకు కట్టినయే" అన్నది. రెండు గజ్జెలను నడిమిట్ల కోస్తే నాలుగు దేగీషలైనయి.

రేకులు అతికే ఇనుపకడ్డీని నిప్పుల పెట్టే అవసరం జబ్బార్‌కు రాలే. కడ్డీ పట్టుకొని ఒక్కటొక్కటి యాది జేసుకునేటోడు. కాగితం రాసిన సాబ్ మొఖం యాదికొస్తే ఒక చక్రం అతికేది. 'నీ కోపంతోని వండుతవని నాకూ తెలుసు, కాని అది రాయనీకి ఈ కాగితంల జాగ లేదు' అని ఆ సాబ్ అన్న మాట యాదికొస్తే పక్క రేకు మొత్తం అతికేది. సీసం నీళ్లలెక్క కారేది. అన్నిటికంటె ఎక్కువ సంగప్ప పేరు తలిస్తే కడ్డీ ఎర్రగైతుండె. "బేకార్‌గాడు! గాడిద కొడుకు!" అని గొణుక్కునేటోడు. గౌహర్ బేగం ఇని, "చచ్చినోన్ని ఎందుకు తిడ్తవ్?" అంటే, "నీకేం తెలుసు, నోర్ముయ్యి!" అని ఎగిరేటోడు. ఇంట్ల పన్నెండేండ్ల బిడ్డ ఫర్హానా ఆ గొంతు ఇని వెనక అర్రలకు పోయేది. తండ్రి నవ్వంగ ఆ పిల్ల ఒక్కనాడూ సూడలే.

ఆఖరుకు మనిషిని జేసిండు. నారమ్మ అడిగినట్టు, మోకాళ్లు మడిచి, కూసున్న మనిషిని. రేకు మనిషే గాని ఎడమ భుజం జర కిందికున్నది, సంగప్పకున్నట్టే. అంతా అయ్యింది. మనిషిని మాత్రం అతకలే. నాలుగు సంతలు గడిచినా జేబులనే పెట్టుకొని తిరిగిండు.

శ్రావణం ఒచ్చే ముందు సంతకు నారమ్మ వచ్చి బండి ముందట కూసున్నది. చాలాసేపు సూసింది. డ్రైవరు సీటు మీద వేలు పెట్టి రాసింది.

"మనిషేడి?"

జబ్బార్ జేబులకెళ్లి తీసిచ్చిండు. ఆమె దాన్ని అటు ఇటు తిప్పి, భుజం కాడ ఆగి, పెదవి కొరుక్కున్నది. తీసుకపోయి స్టీరింగు ఎనుక కూసోవెట్టింది.

"ఈడనేనా?"

"ఆఁ, ఈడనే" అని జబ్బార్ కడ్డీ పట్టుకున్నడు. చేతుల కడ్డీ అప్పుడే ఎర్రగైంది.

"ఆగు." నారమ్మ బండి ఎనుక దిక్కు వంగి సూస్తున్నది. "ఈ పొగగొట్టం ఎందుకు పెట్టినవ్?"

"బండికి ఉండె. పెట్టిన."

"నీ పొయ్యిల పిల్లి పండుతది. నీ గిన్నెల కింద నేనెన్నడూ నిప్పు సూడలే. నీకు పొయ్యి ఎందుకు జబ్బారూ? ఆనాడు పొగ యాడికెళ్లి వచ్చింది?"

చాయ్ తాగేటోళ్లు గిలాసలు ఆపిన్రు. పన్నెండేండ్లల్ల ఈ ముక్క జహీరాబాద్ల ఒక్కడన్న అడిగిండా? లేదు. రోజూ పొగలేని చాయ్ తాగినోళ్లే అందరు.

మూడు గిన్నెలు ఒక్కపారే పొంగినయి. గల్లా మీది సీసల ఊరగాయ గూడ కుతకుతలాడింది. జబ్బార్ బల్ల మీద గుద్దిండు.

"ఎవడు పొయ్యి ముట్టియ్యమన్నడు వాన్ని? వద్దు వద్దు అంటుంటె ఎవడు ముట్టియ్యమన్నడు?"

"ఎవర్ని?"

"నీ మొగన్ని! నీ సంగప్పను!" జబ్బార్ కడ్డీ కింద వడేసిండు. "ఆనాడు పొద్దుగాల ఉత్తరం వచ్చింది. బిడ్డ పుట్టిందని. ముగ్గురు కడుపులనే పోయినంక పుట్టిన బిడ్డ. నాకు కోపం రాలే భాభీ. ఎంత జేసినా రాలే. నూటిరవై మంది ఖాళీ పళ్లాలు పట్టుకొని నిలవడ్డరు, నీళ్లు చల్లగున్నయి. సంగప్ప నన్ను తిట్టిండు. నా నాయినను తిట్టిండు. నా చేతి రొట్టెను తిట్టిండు. రొట్టెను తిడితే ఎప్పుడైనా పప్పు ఉడికేది. ఆనాడు నేను నవ్విన. పిచ్చోనిలెక్క నవ్విన. 'నువ్వియ్యాల నవ్వు భాయ్, నేను ముట్టిస్త' అన్నడు. పొగ రావద్దని ఆర్డరుందిరా అన్న. 'ఒక్క చాయ్ కాగే మందం' అన్నడు. నేను డబ్బాలు పట్టుకొని నీళ్లకు పోయిన. నవ్వుకుంటనే పోయిన. తిరిగొచ్చేసరికి బండి లేదు."

గౌహర్ బేగం వంటింటి గడప మీద కూలవడ్డది. నారమ్మ లేవలే. మెల్లగ ఆమె మొఖం ఎర్రగైంది.

"థూ!" అన్నది. "పన్నెండేండ్లు! నేను హోటల్ ముందట నిలవడి నీ చేతులిరగ అంటుంటె, తల వంచుకొని పడ్తివా? పడుమని ఎవలన్నరు నిన్ను? నా మొగడు ఒకని సంబురం కోసం పొయ్యి ముట్టిచ్చి పోయిండు. ఆ మాట నాకు ఇయ్యకుంట దాచుకోనీకి నువ్వెవడివిరా? ఆయన నాకేం మిగిలిచ్చిపోయిండు, గదొక్కటి తప్ప! నేను తిట్టిన తిట్లన్ని ఇప్పుడు యాడ వెట్టుకోవాలె? చెప్పు, సిగ్గులేనోడా!"

ఆమె అంత గనం ఎన్నడూ తిట్టలే. కాని గిన్నెల బుడగలు ఒక్కొక్కటి అణిగినయి. నీళ్లు సప్పుడు లేకుంట పండుకున్నయి. జబ్బార్ మొఖం కడిగిన గిన్నెలెక్క ఉండె.

నారమ్మ కొంగుతోని కండ్లు తుడుసుకొని, రేకు మనిషిని స్టీరింగు కాడికెళ్లి తీసింది.

"ముట్టిచ్చినప్పుడు నిలవడ్డడా, కూసున్నడా?"

"కూసున్నడు. గొంతుక్కూసొని ఊదుతుండె."

ఆమె మనిషిని తెచ్చి చిన్నపొయ్యి ముందట పెట్టింది. మడిచిన మోకాళ్లు అక్కడ సరిగ్గ ఇమిడినయి.

"కూసున్నోన్నే మన్ను జేస్త. అతుకు."

కడ్డీ సల్లగుండె. జబ్బార్ సాబ్ మొఖం యాది జేసుకున్నడు. సీసం కరగలే. సంగప్పను తిట్టబోయిండు, నోరు రాలే. గౌహర్ బేగం కాగితం తెచ్చి మొదటి ముక్క చదివింది, రెండోది చదివింది. ఎన్నడూ చదవని మూడోది గూడ గట్టిగ చదివింది. కడ్డీ గట్లనే ఉండె.

"చాలు ఆపమ్మా" అన్నది నారమ్మ. "పిల్లిని లేపు."

గౌహర్ బేగం పిల్లిని రెండు చేతులతోని ఎత్తి అవతల పెట్టింది. అది అందరినీ ఒక సూపు సూసి బయటికి పోయింది. అజ్మత్ బీ ఇంటి ఎనుకకెళ్లి కందికట్టె పట్టుకొచ్చింది. నారమ్మ పొయ్యి ముందట గొంతుక్కూసొని చెయ్యి చాపింది.

"అంటియ్యనీకి కాగితం ఇయ్యిర్రి."

గౌహర్ బేగం చేతుల ఒక్కటే కాగితం ఉండె. జబ్బార్ దిక్కు సూసింది. ఆయన వద్దనలే. ఇచ్చింది. పన్నెండేండ్లు పెట్టెల ఎండిన కాగితం, ఒక్క అగ్గిపుల్లకే అంటుకున్నది. నారమ్మ ఊదింది. పొగ హోటలంత కమ్ముకొని వాకిట్లకు పోయింది. బస్టాండు మంది, ఎన్నడూ సూడనోళ్లలెక్క, ఉరికొచ్చి సూసిన్రు. "జబ్బార్ హోటల్ల పొగొస్తున్నదిరో!" అని ఒకడు కేకేసిండు.

కడ్డీ ఎర్రగైంది. జబ్బార్ మనిషిని అతికిండు. బడికెళ్లి వచ్చిన ఫర్హానా వాకిట్లనే ఆగింది. పొగకు కండ్లు కారుకుంట తండ్రి తన దిక్కు సూసి నవ్వుతున్నడు. ఆ పిల్లకు ఏం జెయ్యాల్నో తెల్వక పుస్తకాల సంచి మొఖానికి అడ్డం పెట్టుకున్నది.

సాయంత్రం న్యాల్‌కల్ బస్సుల నారమ్మ రెండు టికెట్లు తీసుకున్నది. "ఇంకోటెవరికి?" అని కండక్టరు అడిగితే, "కూసున్న మనిషుండంగ కనవడ్తలేదా?" అని గద్దిచ్చి, కిటికీ పక్క సీట్ల బండిని పెట్టింది. కండక్టరు టికెట్ చింపి బండిల సంగప్ప పక్కన పెట్టిండు.

సోమారంనాడు పొలంల, మామ పక్కన ఖాళీ జాగల, బండితోని సహా మన్ను జేసిన్రు. జబ్బార్ పోయి, తమవాళ్లల్ల ఏసినట్టే మూడు పిడికిళ్ల మన్ను ఏసిండు. ఎవ్వరూ ఏమనలే.

పై సంతకు నారమ్మ మళ్లొచ్చి హోటల్ ముందట నిలవడ్డది. తాగేటోళ్లు చెవులు నిక్కిచ్చుకున్నరు. ఆమె నెత్తి మీద పెసర్ల గంప లేదు. కందికట్టె మోపు ఉండె.

"జరుగు" అని పిల్లిని గదిమి, పొయ్యి ముందట మోపు దించింది.